దసరా పొద్దున కడిగిన బండి

మెట్టుగూడలో మా ఇల్లు పల్లంలో ఉండేది. వాన గట్టిగా కురిస్తే నాలా నీళ్ళు వీధిలో అందరికంటే ముందు మా గడపే తొక్కేవి. గిన్నెలూ బియ్యం డబ్బా మంచం మీదికి ఎక్కించడం, నీళ్ళు తీశాక బురద ఊడ్చుకోవడం మాకు అలవాటే. ఆ ఏడు వినాయకుడి పందిళ్ళు ఇంకా విప్పకముందే వాన పట్టుకుంది. ఇల్లు ఎప్పటిలాగే తేరుకుంది. ఇంటి ముందున్న కారు తేరుకోలేదు.

నేను సికింద్రాబాద్ స్టేషన్ బయట ట్యాక్సీ నడిపేవాణ్ణి. అంతకుముందు చాలా ఏళ్ళు నా దగ్గర ఒక పాత కారుండేది. అది గేదెలాంటిది. మడుగులో మెడ దాకా మునిగినా లేచి ఒళ్ళు దులుపుకుని నడిచేది. ప్లగ్గులు విప్పి పొయ్యి మీద పెనంలో వేడి చేసి, వైర్లు పాత లుంగీతో తుడిచి, హ్యాండిలు వేసి తిప్పితే దగ్గుకుంటూ దగ్గుకుంటూ లేచేది. తరవాత ప్యాసింజర్లకు ఏసీ కావలసి వచ్చింది, మెత్తటి సీట్లు కావలసి వచ్చాయి. పాతది అమ్మేసి, ఎవరో నడిపి వదిలేసిన చిన్న కారు కొన్నాను. ఇది కొత్తల్లుడిలాంటిది. అలిగితే ఎందుకు అలిగిందో చెప్పదు.

వానకు నీళ్ళు దాని సీట్ల దాకా వచ్చి నిలిచాయి. నీళ్ళు తగ్గాక తలుపు తెరిస్తే బ్రేకు పెడల్ మీద ఒక కప్ప కూర్చుని ఉంది. దాన్ని దింపి తాళం తిప్పాను. టిక్ మంది. ఇంకోసారి తిప్పాను. ఇంకోసారి టిక్ మంది. అంతే.

తాడు కట్టి పెద్ద షెడ్డుకు లాగించుకుపోయాను. అక్కడ ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి లోపల టార్చి వేసి చూసి, "కంప్యూటర్ పోయింది పెద్దాయనా. వైరింగ్ మొత్తం మార్చాలి" అన్నాడు.

"నా బండిల కంప్యూటర్ ఎక్కడిది సార్?"

"ఉంటది. ఎడమ పక్క, కాళ్ళు పెట్టుకునే చోట పైన."

అన్నేళ్ళు నడిపి నా బండిలో ఏముందో నాకు తెలియలేదు. ఆయన చెప్పిన ఖర్చుకి ఇంకో పాత బండి వచ్చేట్టుంది. మళ్ళీ అదే తాడు కట్టి ఇంటికి తెచ్చాను.

మా స్టాండులో ఎవరి నంబరు వాళ్ళకుంటుంది. బండి చాలా రోజులు రాకపోతే ఆ నంబరు బయట ఎదురుచూసేవాళ్ళలో ఒకరికి పోతుంది. స్టాండు పెద్ద నా ఈడువాడే, మంచివాడే. అయినా మొహమాటం లేకుండా చెప్పాడు.

"దసరా దాక ఆపుతనే. దసరా తెల్లారి ఇంకొకనికిస్తం. బయట నిలబడ్డ పోరగాండ్లు నా గల్ల పట్టుకుంటున్రు, నేనొక్కణ్ణి ఏం జేస్త చెప్పు?"

ఆ నంబరు పోతే నాకు ఇంకో దారి లేదు. అప్పుడప్పుడే ఫోను చేస్తే ట్యాక్సీ పంపే ఆఫీసులు షురూ అయ్యాయి. వాళ్ళు అడ్రసు కాగితం మీద రాసి డ్రైవరు చేతిలో పెడతారు. నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు. స్టేషన్లో దిగిన మనిషి నోటితో చెబుతాడు, నేను తీసుకుపోతాను, అదీ నా పని. జంట నగరాల్లో నాకు తెలియని సందు లేదు, చదవగలిగిన బోర్డు ఒక్కటీ లేదు. యాభై దాటిన, సంతకానికి వేలిముద్ర వేసే నిశానీ డ్రైవర్ని ఎవడు పెట్టుకుంటాడు? దసరాలోగా బండి లేస్తే నేను డ్రైవర్ని. లేవకపోతే కాదు.

మా ఆవిడ తమ్ముడు ఏ.ఎస్. రావు నగర్ దగ్గర ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో సర్వీసంతా చేసి, ముందుగానే మానేసి ఇంట్లో కూర్చున్నాడు. ఇరుగుపొరుగువాళ్ళ టీవీలూ రేడియోలూ విప్పుతుండేవాడు. సంగతి తెలియగానే స్కూటరు మీద సంచీతో దిగాడు.

"ఏంది బావా, గింత ఖర్చు చెప్పిన్రా? పేషెంట్‌ను చూడకుండనే ఆపరేషన్ రాసినట్టున్నది."

"నీకొస్తదా?" అన్నాను.

"సర్వీసంత బోర్డులు అతికిచ్చినోణ్ణి పట్టుకొని వస్తదా అంటవేంది?"

"అవి టీవీలు."

"టీవీల కరెంటు వేరే, కార్ల కరెంటు వేరేనా?"

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చాయ్ అందిస్తూ, "నువ్వు మా టీవీ బాగుజేసినకాడికెంచి అండ్ల మనుషులందరు పచ్చగ కనబడుతున్రు తమ్మీ. పెండ్లిపిల్ల సుత పచ్చగనే, దొంగ సుత పచ్చగనే" అంది.

"ట్యూబు పాతదక్కా. అది నా తప్పా?"

"మరి కారు సుత పాతదే గద."

అతను చాయ్ తాగి చొక్కా విప్పి పని షురూ చేశాడు. వెల్లకిలా పడుకుని తల కారులో, కాళ్ళు వీధిలో పెట్టి చాలాసేపు తిట్టుకున్నాక ఒక రేకు డబ్బా బయటికి లాగాడు. అన్నం టిఫిను మూతంత ఉంటుంది. వంచితే అందులోంచి నాలా నీళ్ళు కారాయి. మూత విప్పితే లోపల ఆకుపచ్చ అట్ట, దాని మీద చీమల్లా నల్లటి ముక్కలు, వాటి మధ్య సన్నటి బురద. వైర్లు దిగే సూదుల మొదట్లో మూలపడ్డ ఇత్తడి చెంబుకు పట్టినట్టు చిలుము పట్టింది.

"గిదేనా కంప్యూటరు? గింతదానికా గంత పరేషాను?" అన్నాను.

"గింతదే బావా, బండిని నడిపిచ్చేది. నువ్వు ఉత్త స్టీరింగు పట్టుకుంటవు."

నాకు ఆ మాట నచ్చలేదు. నిజమే కావచ్చు.

మా ఆవిడ వంగి చూసి, "చిలుమే గద. జెర చింతపండు, ఉప్పు పెట్టి తోమితే తళతళ లాడుతది" అంది. అతను డబ్బాను పసిపిల్లను దాచినట్టు ఛాతీకి ఆనించుకున్నాడు.

"అక్కా, నీకు దండం బెడ్త. దీన్ని వంటింట్లకు తేను, నువ్వు చింతపండు బయటికి తేకు."

పాత పళ్ళ బ్రష్షు, సీసాలో స్పిరిటు పెట్టుకుని అతను కూర్చున్నాడు. సూదిసూదికీ బ్రష్షు పెట్టి తోమడం, ఊదడం, భూతద్దంలో చూడడం. నేను లైటు పట్టుకునేవాణ్ణి. మా ఆవిడ వచ్చి చూసి, "నా పట్టీలు తోమమంటే ఎన్నడన్న గిట్ల కూసున్నవా?" అని నన్ను అడిగి పోయేది.

తోమాక ఆరబెట్టడం. ఎండ లేదు. ఆపిల్ పండ్ల చెక్కపెట్టెలో బల్బు వేలాడదీసి, కింద ఆ అట్ట పెట్టి, పైన గోనెసంచి కప్పాడు. "కోడిపిల్లల్ని పొదిగిచ్చినట్టున్నది. ఎన్ని పిల్లలు లేస్తయిరా?" అంది వాళ్ళక్క. ఎండ వచ్చిన రోజున డాబా మీదికి తీసుకుపోయి ఆరబెట్టాం. బతుకమ్మ రోజులు దగ్గరపడ్డాయి. మా ఆవిడ గునుగుపూలకు రంగులద్ది అక్కడే ఆరబెట్టింది. ఓ సాయంత్రం బోర్డు మూల గులాబీరంగు అంటుకుని ఉంటే మా బామ్మర్ది ఇంటిల్లిపాదినీ నిలబెట్టి అడిగాడు.

అప్పటినుంచి అతనికి తడి అంటే పిచ్చి పట్టింది. కారు చుట్టుపక్కల నీళ్ళచెంబు కనబడనివ్వడు. సీట్లు తడిగుడ్డతో తుడవబోతే చెయ్యి పట్టుకున్నాడు. డ్యాష్‌బోర్డు కింది సాకెట్లన్నీ విప్పి గాలికి వదిలాడు. ఇంజన్ వైపునుంచి లోపలికి వైర్లు వచ్చే చోట ఇనపరేకులో ఒక రంధ్రం ఉంటుంది, దానికి రబ్బరు బిరడా ఉంటుంది. అది కూడా పీకేశాడు.

"గాలాడాలె బావా. తడి దాక్కునేది గీ రబ్బర్ల కిందనే. ఇది లేకపోతే గాలి గిట్లకెల్లి వచ్చి గట్లకెల్లి పోతది. పండుగైనంక అన్ని బిగిస్త."

"మైల పట్టినట్టు తడి పట్టినవురా మా ఇంటికి" అంది మా ఆవిడ.

మొదటిసారి డబ్బా పెట్టి తాళం తిప్పితే టిక్ మంది. ఏదో తీగె తెగిందని అతికించాడు. మళ్ళీ టిక్ మంది. ఒక చిన్న ముక్క కాలిందని, దానికోసం పాతసామాన్ల దుకాణాలన్నీ తిరిగి తెచ్చి వేశాడు. అదే టిక్కు. అతను వచ్చినప్పుడల్లా సంచీ బరువు పెరుగుతోంది, మాట తగ్గుతోంది. నాకు నమ్మకం ఎప్పుడో పోయింది. అతను బాధపడతాడని పైకి అనలేదు.

సాయంత్రాలు నేను కారులో కూర్చునేవాణ్ణి. వేరే ఎక్కడ కూర్చోవాలో తెలియక. ఒకరోజు చేతిలో సూట్‌కేసుతో ఒకాయన వచ్చి అద్దం మీద కొట్టాడు.

"ఖాళీయేనా?"

"ఖాళీయే" అన్నాను. "కదలదు."

ఆయన నన్నూ బండినీ ఎగాదిగా చూసి ఆటో పిలుచుకున్నాడు.

స్టాండునుంచి ఒకసారి మనిషి వచ్చి, నా నంబరు కోసం ఫలానావాడు తిరుగుతున్నాడని చెప్పిపోయాడు. మా ఆవిడ పీటమీద కూర్చుని తంగేడుపూలు పేరుస్తూ, తల ఎత్తకుండానే, "అమ్మేద్దామా?" అంది. అమ్మినా కొనేవాడెవడు?

దసరా ముందురోజు మధ్యాహ్నం మా బామ్మర్ది వచ్చాడు. డబ్బా బిగించాడు. దాని మూత పెట్టలేదు, గాలాడాలి కదా. బయటికొచ్చి నిలబడి, "తిప్పు బావా" అన్నాడు, తిప్పకు అన్నట్టుగా.

తిప్పాను. లేచింది.

దగ్గలేదు, ఊగలేదు. మొన్నటిదాకా నడిచినట్టే లేచింది. నేను కాలు తియ్యలేదు, తీస్తే ఆగిపోతుందని భయం. పక్కింటి ఇస్త్రీ ఆయన పెట్టె వదిలేసి వచ్చాడు. ఎదురింటి ఆటో అతను "అన్నా! బతికిచ్చినవు పో" అని మా బామ్మర్ది వీపు మీద ఒక్కటి చరిచాడు. వీధి చివరిదాకా తీసుకుపోయి తెచ్చాను. దిగేసరికి మా బామ్మర్ది స్కూటరు సీటు మీద పక్కకు తిరిగి కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు. మా ఆవిడ గుప్పెడు చక్కెర తెచ్చి మొదట తమ్ముడి నోట్లో, తరవాత నా నోట్లో పోసింది.

"ఇప్పుడే స్టాండుకు పోత" అన్నాను.

"ఇయ్యాల గాదు. రేపు పండుగ. పూజ జేసి తీస్కపో."

"పూజ ఎల్లుండి జేస్కోవచ్చు."

"దసరానాడు పూజ లేకుండ బండి గడప దాటుతదా? మళ్ళ ఏమన్నయితే? చచ్చి బతికింది, దేవునికి చూపియ్యకుండనే తీస్కపోతవా?"

నేను కాదనలేదు. నాకూ అదే సబబుగా అనిపించింది.

దసరా పొద్దున మా వీధి అంతా నీళ్ళే. స్కూటర్లు, ఆటోలు, సైకిళ్ళు, ఇస్త్రీ ఆయన నాలుగు చక్రాల బండి, అన్నిటికీ స్నానాలు. ఎవరి పైపు ఎవరి ఇంట్లోంచి వస్తోందో తెలియదు. మా కారుకి మాత్రం తలుపుల మీద ఇంకా నాలా బురద చారలే ఉన్నాయి. ఆ వాన తరవాత దాన్ని ఎవరం తడపలేదు కదా. మా ఆవిడ పసుపు కలుపుతూ చూసి, "బురద మొఖానికి బొట్టు పెడతరా ఎవరన్న?" అంది.

మా బామ్మర్ది కొత్త చొక్కా వేసుకుని, చేతిలో బంతిపూల దండతో దిగాడు. దండ నాకిచ్చి, చొక్కా చేతులు పైకి మడిచి, ఆటో అతని చేతిలోని పైపు లాక్కున్నాడు.

"బానెట్ లేపు బావా. లోపల సుత కడగాలె. దేవుడు పైపైన చూసి పోతడా?"

నేను బానెట్ లేపాను. అతను పైపు పట్టాడు. బురద కరిగి కారింది. అద్దం కింద జాలీలోకి, ఇంజన్ పక్కల్లోకి, వెనక రేకు మీదికి, ఎక్కడెక్కడ మురికి ఉందో అక్కడికల్లా వేలు అడ్డంపెట్టి జోరుగా కొట్టాడు. మా ఆవిడ రెండు బకెట్లు మోసుకొచ్చింది, నేను పోశాను. అందరం నవ్వుకుంటున్నాం.

ముగ్గురం ఉన్నాం అక్కడ. రబ్బరు పీకినవాడు అతనే. పీకుతుంటే లైటు పట్టుకున్నది నేను. మైల అని ఎగతాళి చేసింది ఆమె. ఒక్కరికీ తోచలేదు. ఇప్పటికీ నన్నడిగితే, మరిచిపోయామని చెప్పలేను. తడి తగలొద్దన్నది మామూలు రోజుల మాట. దసరా పొద్దున బండి కడగడం మాకు నీళ్ళు పోయడం కింద లెక్కకు రాదు. జ్వరం దిగిన మనిషికి తలకు పోసి కొత్తబట్ట కడతాం. అట్లాగే పోశాం.

తుడిచాం. పసుపు రాశాం, కుంకుమ పెట్టాం, దండ వేశాం. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, గుమ్మడికాయ దిష్టి తీసి వీధిలో పగలేశాం. మా ఆవిడ హారతి పట్టుకుని, "ఇగ తియ్యి" అంది.

కూర్చుని తాళం తిప్పాను.

టిక్కు కూడా రాలేదు. చిటపటమని ఒక చిన్న చప్పుడు, పోపులో ఆవాలు వేసినట్టు. ఎడమ పక్క కిందనుంచి సన్నటి పొగ. ప్లాస్టిక్ కాలిన వాసన అగరొత్తుల వాసనలో కలిసింది. మా బామ్మర్ది అవతలి తలుపు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి లోపలికి పెట్టాడు. చెయ్యి తీస్తే మోచేతి దాకా నీళ్ళు కారుతున్నాయి. రబ్బరు లేని రంధ్రంలోంచి, వైర్ల వెంబడి, మూతలేని డబ్బాలోకి నేరుగా వచ్చాయి. మేం గాలికోసం చేసిన దారి నీళ్ళకు బాగా పనికొచ్చింది.

అతను అట్లాగే మోకాళ్ళ మీద ఉండి నా వైపు చూశాడు.

"బావా..."

"అర్థమయింది" అన్నాను.

హారతి పళ్ళెంలో కర్పూరం అయిపోయింది. మా ఆవిడ పళ్ళెం కింద పెట్టింది. తరవాత చక్రాల వంక చూసి, "నిమ్మకాయలు గట్లనే ఉంచొద్దు" అంది.

అది నిజమే. చక్రం కింద పెట్టిన నిమ్మకాయ నలగకుండా ఉంటే మంచిది కాదు. ఇస్త్రీ ఆయన, ఆటో అతను, మా బామ్మర్ది వెనక చేరారు. "జెర జోరుగ నూకుండ్రి" అన్నాడు ఆటో అతను. నేను స్టీరింగు పట్టుకున్నాను. నిమ్మకాయలు నలిగాయి. ఎవరో అలవాటుగా చప్పట్లు కొట్టి, సగంలో ఆపేశారు.

సాయంత్రం మా బామ్మర్ది డబ్బా విప్పి చూశాడు. అట్ట మధ్యలో నల్లగా కాలి చిల్లి పడింది. ఆ రోజు జమ్మి ఆకు పట్టుకుని పెద్దల కాళ్ళకు మొక్కాలి. అతను నా చేతిలో ఆకు పెట్టి, వంగినవాడు తొందరగా లేవలేదు.

"తిట్టు బావా. ఒక్కసారన్న తిట్టు."

"నిన్ను తిడితే బండి లేస్తదా?"

"ఇంకొక్కసారి చూస్త. పాత బోర్డు యాడన్న దొరుకుతదేమో..."

"చూడకు."

తెల్లారి నడుచుకుంటూ స్టాండుకు పోయాను. నా నంబరు దగ్గర ఇంకో బండి నిలబడి ఉంది, దాని దండ ఇంకా వాడిపోలేదు. పెద్ద నన్ను చూసి చాయ్ తెప్పించాడు. తాగి వచ్చాను.

కారును తుక్కువాడు తీసుకుపోయాడు. పాత బోర్డు మా బామ్మర్ది తరవాత కూడా వెతికాడని విన్నాను. మా ఇంటికి వచ్చినప్పుడు టీవీ వైపు మాత్రం చూసేవాడు కాదు. అందులో మనుషులు పచ్చగానే ఉండేవాళ్ళు. వాళ్ళక్క కూడా ఆ వేళాకోళం మానేసింది.

కొన్నాళ్ళకు యాప్రాల్లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా చేరాను. గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ళ పేర్లు రాయాలి. మా ఆవిడ ఐదో తరగతి చదివింది. గది గచ్చు మీద సుద్దతో రాసి నాకు అక్షరాలు నేర్పింది. నా అ వంకర చూసి ఆమె నవ్వేది, నేను చెరిపేసేవాణ్ణి. వచ్చాయి చివరికి. ఇప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే దారిలో ప్రతి బోర్డూ చదువుతాను. అడ్రసు కాగితం ఇస్తే చదివి చెప్పగలను. నడపడానికి నా దగ్గర ఏమీ లేదు, ఇచ్చేవాడూ లేడు.

అపార్ట్‌మెంటులో దసరా బాగా చేస్తారు. పొద్దున్నే కార్లన్నీ కిందికి వస్తాయి, పైపు నా చేతికి ఇస్తారు. మొదటి ఏడు ఒకాయన బానెట్ లేపితే, "లోపల పొయ్యొద్దు సార్, కంప్యూటరుంటది" అన్నాను.

"పండగ కదా పెద్దాయనా. పోసెయ్, ఏం కాదు" అన్నాడు.

పోశాను. ఏం కాలేదు. అందరివీ లేచాయి. ఇన్ని దసరాలు చూశాను, అక్కడ నీళ్ళు పోసిన ఏ బండీ ఆగలేదు. నిమ్మకాయలు తొక్కుకుంటూ గేటు దాటి పోతాయి. నేను గేటు వేసి వచ్చి, చీపురు తీసుకుని ఆ నలిగిన నిమ్మకాయలు ఊడుస్తాను.